ఆరో బిట్

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. డేటా ప్రయాణంలో దొర్లే తప్పుల గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడం నాకు ఎంతో సంతోషం. అయితే రెండో పేరాలో ‘ప్యారిటీ బిట్ తప్పును సరిచేస్తుంది’ అని రాశావు. సరిచేయదు. అది డేటాలోని 0, 1 అనే బిట్లకు మనం జతచేసే ఒక అదనపు బిట్; ఒకట్ల లెక్క సరిసంఖ్య రావాల్సిన చోట బేసి వస్తే, ఏదో తేడా జరిగిందని మాత్రం చెబుతుంది. ఏ బిట్‌లో జరిగిందో దానికి తెలియదు. రెండు బిట్లు మారితే లెక్క మళ్లీ సరిపోతుంది, అప్పుడు ఆ మాత్రం కూడా చెప్పలేదు. తప్పును పట్టుకోవడం వేరు, దిద్దడం వేరు. ఈ తేడా చెదిరిందంటే మిగతా వ్యాసం నిలబడదు.

తప్పును దిద్దే కోడ్ కనిపెట్టిన గణిత శాస్త్రవేత్త హామింగ్ పేరు, 1950 అనే సంవత్సరం రాసి ముందుకు వెళ్లిపోయావు. అసలు కథ అక్కడే ఉంది. అమెరికాలోని పరిశోధనా సంస్థ బెల్ ల్యాబ్స్‌లో, విద్యుత్ స్విచ్‌లతో నడిచే రిలే కంప్యూటర్‌కి ఆయన వారాంతాల్లో లెక్కలు అప్పగించేవాడు. చూసుకునే మనిషి ఉండడు కాబట్టి, తప్పు తగిలితే యంత్రం ఆ లెక్క వదిలేసి తర్వాతి పని అందుకునేది. తిరిగొచ్చి చూస్తే జవాబు ఉండేది కాదు. తప్పు ఉందని కనిపెట్టిన యంత్రం అదెక్కడుందో ఎందుకు కనిపెట్టలేదని ఆయనకు విసుగొచ్చింది. పాఠకుడికి ముందు ఆ విసుగు చూపించు, సూత్రం తర్వాత.

ఇక హామింగ్ కోడ్‌కి ఉదాహరణ. నువ్వు పట్టిక ఇచ్చావు గానీ, చేత్తో చేసి చూసినట్టు లేదు. కాగితం తీసుకో. 1011ని 3, 5, 6, 7 స్థానాల్లో పెట్టు. కింది ఒక్కో తనిఖీలో ఒకట్ల లెక్క సరిసంఖ్య అయ్యేలా 1, 2, 4 స్థానాల్లో ప్యారిటీ బిట్లు వేస్తే 0110011 వస్తుంది. ఇప్పుడు ఆరో బిట్ తిప్పు: 0110001. మొదటి తనిఖీలో 1, 3, 5, 7 స్థానాలు సరిపోతాయి. రెండోదానిలో 2, 3, 6, 7 సరిపోవు. మూడోదానిలో 4, 5, 6, 7 కూడా సరిపోవు. తప్పిన తనిఖీల ప్యారిటీ బిట్లు ఉన్న స్థానాలు 2, 4 కలిపితే 6! నేను మొదటిసారి చేసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నీ పాఠకుడికీ ఆ క్షణం దక్కాలి.

అక్కడే ఆగకు. ఐదో బిట్ కూడా తిప్పు. ఈసారి లెక్క 3 అంటుంది, బాగున్న మూడో బిట్‌ని పాడుచేస్తుంది. ఇది దాచిపెట్టి రాస్తే అబద్ధం రాసినట్టే.

డేటా వెంట పంపే తనిఖీ సంఖ్య అయిన సీఆర్‌సీకి రెండు వాక్యాలు చాలు: అది తప్పును పట్టుకోవడానికి, దిద్దడం దాని పని కాదు. కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్నెట్‌లో 32 బిట్ల సీఆర్‌సీ లెక్క కుదరకపోతే ఆ ఫ్రేమ్‌ని, అంటే ఆ డేటా ముక్కని, పారేస్తారు, కావాలంటే పై పొరల సాఫ్ట్‌వేర్లు మళ్లీ పంపిస్తాయి. సుదూర అంతరిక్ష నౌక వాయేజర్ 1 విషయంలో అలా కుదరదు. దాని సంకేతం ఇక్కడికి రావడానికే 20 గంటలు దాటుతుంది, అందుకే దిద్దుకునే సమాచారం డేటాతోపాటే రావాలి.

సీడీ మీద గీతలు పడ్డా, క్యూఆర్ కోడ్ కొంత చిరిగినా చదివించే రీడ్-సాలమన్ పద్ధతిని మాత్రం ఇందులోకి లాగకు. దానికి మరో వ్యాసం కావాలి. ముందు ఆ రెండో పేరా తిరగరాసి, నువ్వు లెక్క చేసిన కాగితంతో సహా పంపు.

ప్రేమతో,
మీ అన్నయ్య