చార్జి మోసే బరువులు

సందేహం: బస్సు చార్జీలు, ఫోన్ చార్జింగ్, ఇన్‌చార్జి, చార్జిషీటు, లాఠీచార్జి... వీటన్నిటిలో ఉన్నది ఒకటే మాటా, వినడానికి ఒకేలా ఉన్న వేర్వేరు మాటలా? అన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఉందా? చార్జి అని రాయాలా, ఛార్జి అని రాయాలా? (ఒక పాఠకుడు)

సమాధానం: మాట ఒకటే. అందులో ఉన్నది బండి.

గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతపు) కెల్టు జాతులవారు తమ బండిని ‘కర్రోస్’ అనేవారు. రోమన్లు దాన్ని ‘కర్రుస్’ చేసుకున్నారు. దాని నుంచి, లాటిన్ చివరి దశలో, బండికి సరుకెత్తడం అనే అర్థంలో ‘కర్రికారే’ అనే క్రియ పుట్టింది. పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి దాని మొదటి కకారం చకారమైంది. ఇంగ్లిష్‌వాళ్లు 13వ శతాబ్ది నాటికి ఆ చకారంతోనే దాన్ని తీసుకున్నారు. తర్వాత ఫ్రెంచివాళ్లు ‘ష’ అనడం మొదలుపెట్టినా ఇంగ్లిష్ మాత్రం పాత పలుకుబడిని వదల్లేదు. కారు, క్యారీ, కార్గో ఈ ఇంటివే. ముఖంలోని ఒక్కో లక్షణాన్నీ కావాలని ఎక్కువచేసి గీసే క్యారికేచర్ కూడా ఇటాలియన్‌లో ‘బరువెక్కించడం’ నుంచి వచ్చిందే.

మూలార్థం బరువు ఎక్కించడం అని పట్టుకుంటే మిగతావి వాటంతటవే విడిపోతాయి. మనిషి మీద పని బరువు పెడితే ఇన్‌చార్జి. ఖర్చు బరువు పెడితే బస్సు చార్జి. నేరం బరువు పెడితే చార్జిషీటు. దించేస్తే డిశ్చార్జి. తుపాకీలో మందు దట్టించడాన్నీ అదే మాటతో చెప్పేవారు. 18వ శతాబ్దిలో గాజుసీసాలో విద్యుత్తును నింపడం నేర్చినవారు ఆ మాటనే వాడుకున్నారు. అలాంటి సీసాలను వరసగా కలిపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఫిరంగుల వరసకున్న బ్యాటరీ అనే పేరును వాటికి పెట్టాడు. అంటే మన చేతిలోని ఫోన్‌లో బ్యాటరీ, చార్జి రెండూ యుద్ధభూమి మీదుగా వచ్చినవే. లాఠీచార్జిలోది మీద పడటం అనే అర్థం. ఆయుధాన్ని దాడికి ఎక్కుపెట్టడం నుంచి వచ్చిందంటారు.

ఇక తెలుగు సంగతి. అన్నిటికీ సరిపోయే మాట ఒక్కటి లేదు కానీ, సరిపోయే కుటుంబం ఒకటి ఉంది. మోయు, మోపు, మోత. మేయుకు మేపు ఎలాగో మోయుకు మోపు అలాగ: మోసేలా చేయడం. కట్టెల మోపు అంటే కట్టెల బరువు. నేరం మోపుతాం, పన్ను మోపుతాం, బాధ్యత మోపుతాం. కర్రికారే చేసిన ప్రయాణాన్ని మన మోపు ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను చేసింది. ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఇంత చక్కని క్రియ చేతిలో ఉండగా ‘అతనిపై కేసు చార్జ్ చేశారు’ అని రాయడం ఎందుకో!

పత్రికల్లో ‘చార్జీల మోత’ అనే శీర్షిక తరచూ కనిపిస్తుంది. ఆ మోత మోయడం నుంచి వచ్చిన మోత. డప్పుల మోత వేరు, అది మ్రోయు నుంచి వచ్చిన మ్రోత. వాడుకలో రేఫ (ర ధ్వని) జారిపోవడంతో రెండూ ఒకటైనట్టు కనిపిస్తున్నాయి. శీర్షిక పెట్టేవారు ‘చార్జీల మోత మోగింది’ అని రాసినప్పుడు మాత్రం బరువును తీసుకెళ్లి డప్పులో కలిపేస్తున్నారు. ‘టికెట్ చార్జీల ధరలు పెరిగాయి’ అనేది ఇంకా అన్యాయం. చార్జీ అంటేనే ధర, దానికి మళ్లీ ధర ఏమిటి? ‘అదనంగా చార్జ్ చేయబడును’ అనే నోటీసు బదులు ‘అదనంగా వసూలు చేస్తాం’ అంటే ఎవరికి నష్టం?

భౌతికశాస్త్ర పుస్తకాల్లో విద్యుదావేశం అంటారు. లోపల ప్రవేశించడం అనే మూలార్థం బాగానే ఉంది. కోపావేశాలతో కలిసిపోయి పిల్లలను కాస్త తికమకపెడుతుంది, అంతే. రుసుం, కిరాయి కూడా బయటి నుంచి వచ్చి మనవైనవే కాబట్టి చార్జీని ఒక్కదాన్నే వెలివేయమనను.

రాతలో నేను చార్జి అనే రాస్తాను. ఛ రాసేవారికీ ఒక కారణం ఉంది. చాప, చాలు అన్నప్పుడు మనం పలికే దంత్య చకారాన్ని ఇక్కడ పలుకుతారేమోనని వారి భయం. కానీ చక్రం, చంద్రుడు అని చదివేటప్పుడు ఎవరూ పొరబడటం లేదు కదా! ఛ రాసినదాన్ని తప్పని కొట్టేయను, అవసరం లేదంటాను.

‘ఫోన్‌లో చార్జింగ్ లేదు’ అనే మాటను ఇంగ్లిష్ వ్యాకరణం పేరుతో వెక్కిరించేవారున్నారు. నాకు అభ్యంతరం లేదు. ‘చార్జింగ్ ఎక్కించు’, ‘చార్జింగ్ ఎక్కుతోంది’ అన్నది మరీ నచ్చుతుంది. బండికి బస్తాలు ఎక్కించడానికి వాడే క్రియే అది. లాటిన్ ముక్క రానివారు కూడా ఆ మాటకు దాని పాత క్రియనే జోడించారు. ఆ ప్రయోగాన్ని దిద్దకండి.