టెక్ సందేహాలు: చెప్పకుండా కోసేవి, తప్పుగా వేసేవి

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డబ్బులు పోవడం గురించే. ఫిర్యాదు చేసే ముందు ఆ డబ్బు ఏ పేరుతో, ఏ దారిన పోయిందో చూడండి. సగం పని అక్కడే తేలిపోతుంది.

ఇంగ్లిష్ నేర్పే యాప్ ఒక్క రూపాయికే ట్రయల్ అంటే వేసుకున్నాను. నచ్చక రెండో రోజే తీసేశాను. అయినా నెలనెలా నాన్న ఖాతాలోంచి 299 పోతోంది. ఫోన్ మార్చినా ఆగలేదు. (డిగ్రీ విద్యార్థి, కావలి)

ఆ రోజు మీరు పిన్ కొట్టింది రూపాయి కోసం ఒక్కటే కాదు. నెలకు ఇంత వరకు, ఫలానా తేదీ దాకా కోసుకోవచ్చని బ్యాంకుకు అనుమతి కూడా ఇచ్చారు. పిన్ అడిగే ముందు వచ్చే పేజీలో గరిష్ఠ మొత్తం, గడువు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ అనుమతి ఉండేది బ్యాంకు దగ్గర, ఫోన్‌లో కాదు. అందుకే యాప్ తీసేసినా, ఫోన్ మార్చినా కోత ఆగదు.

ముందు పాస్‌బుక్ ఎంట్రీ చూడండి. యూపీఐ అని ఉంటే, ఆ రోజు ఏ యాప్‌లో పిన్ కొట్టారో అదే తెరవండి. ఫోన్‌పే అయినా గూగుల్ పే అయినా పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆటోపే కనిపిస్తుంది. అందులో ఆ కంపెనీ పేరు మీద నొక్కి రద్దు చేసి, పిన్ కొట్టండి. పాజ్ నొక్కి వదిలేయకండి, అది తాత్కాలికమే. రద్దయినట్టు వచ్చిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఎంట్రీలో గూగుల్ ప్లే అని ఉంటే దారి వేరు: ప్లే స్టోర్‌లో ప్రొఫైల్, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, సబ్‌స్క్రిప్షన్స్. కార్డు మీద పోతుంటే బ్యాంకు యాప్‌లోనే ఈ-మాండేట్ల (మీరిచ్చిన కోత అనుమతుల) జాబితా వెతకండి.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆఫర్ల మెసేజ్‌ల గుంపులో అది కలిసిపోతుంది, నాన్నగారి ఫోన్‌లో వెతికి చూడండి. పోయిన డబ్బు కోసం ముందు కంపెనీకి మెయిల్ పెట్టండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. చేరడం తేలిక చేసి, బయటపడే దారి దాచడాన్ని 2023 నవంబరు నాటి డార్క్ ప్యాటర్న్స్ (వినియోగదారులను బోల్తా కొట్టించే డిజైన్లు) మార్గదర్శకాలు తప్పుగానే లెక్కగట్టాయి. పిల్లల చదువు ఆశ చూపి ఇలా కోసేవాళ్లను ఊరికే వదలకూడదు.

మే నెలాఖరులో అమ్మ ఖాతాలో ఒకసారి 436, ఇంకోసారి 20 పోయాయి. మోసమా? (కందుకూరు)

కాదు. 436 జీవనజ్యోతి బీమా, 20 సురక్షా ప్రమాద బీమా. ఒక్కోదానికి 2 లక్షల రక్షణ, జూన్ 1 నుంచి ఏడాది. ఇరవై రూపాయలది ఉంచుకోమనే నా సలహా. అమ్మగారు సంతకమే చేయలేదంటే బ్రాంచిలో సమ్మతి పత్రం చూపించమని రాసివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఆ ఫోన్ నంబరు 14448.

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు నుంచి సికింద్రాబాద్‌కు ఫోన్‌లో తీసిన స్లీపర్ టికెట్ కౌంటర్ ధర కన్నా ఎందుకు ఎక్కువ?

ఐఆర్‌సీటీసీ కన్వీనియన్స్ ఫీజు అది. నాన్ ఏసీకి యూపీఐతో కడితే 10, కార్డుతో అయితే 15. ఏసీకి 20, 30. వీటి మీద 18 శాతం జీఎస్టీ. టికెట్టుకు ఒకసారే వేస్తారు కాబట్టి ఇంటిల్లిపాదికీ ఒకే టికెట్టు తీయండి. రద్దు చేసుకుంటే ఈ ఫీజు తిరిగి రాదు. వేరే యాప్‌లో తీస్తే వాళ్ల సేవా రుసుం అదనం. ‘ఫ్రీ క్యాన్సిలేషన్’ టిక్కు ముందే పెట్టి ఉందేమో చూసి తీసేయండి.

రీడింగ్ తీసే అబ్బాయి వచ్చినప్పుడు ఇంటికి తాళం. తర్వాతి నెల ఒకేసారి 300 యూనిట్లు, దిమ్మతిరిగే బిల్లు. (ఒంగోలు)

ఇక్కడ తేడా స్లాబుల వల్ల వస్తుంది. 2022 ఆగస్టు నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫ్‌తో లెక్క కడదాం: తొలి 30 యూనిట్లకు ఒక్కోదానికి 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆపైన 400 వరకు 8.75. మొత్తం 300 ఒకే నెలలో వేస్తే కరెంటు ఛార్జీ 1,673.25. నెలకు 150 చొప్పున విడగొడితే 567, రెండు నెలలకు 1,134. అంటే 539 రూపాయల పైచిలుకు అదనం. పైగా తాళం ఉన్న నెల బిల్లు కట్టి ఉంటే అది కూడా ఇందులో తగ్గాలి.

రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి పాత రీడింగ్, కొత్త రీడింగ్, తేదీలు చూడండి. మీటరులో నేటి రీడింగ్ ఫొటో తీయండి. విద్యుత్ హెల్ప్‌లైన్ 1912కు చేసి ‘రెండు నెలలకు విడగొట్టి స్లాబు వేయండి’ అని ఇదే మాట చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఏఈ ఆఫీసులో కాగితం ఇవ్వండి. ట్రూ అప్ అనే వరుస మాత్రం తప్పు కాదు, అది గతంలో వాడిన యూనిట్ల బాకీ. ఏసీడీ అని ఉంటే అది వాడకం పెరిగినందుకు అడిగే అదనపు డిపాజిట్టు, అదీ తప్పు కాదు.

మీటరు మీదే అనుమానమైతే ఇంట్లో అన్నీ ఆపి, ఇన్వర్టర్, టీవీ ప్లగ్గులు పీకి, 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఒక్కటే 10 నిమిషాలు వెలిగించండి. మీటరు మీద 3200 ఇంప్ (యూనిట్‌కు 3200 మెరుపులు) అని ఉంటే ఎర్రలైటు 53 సార్లు మెరవాలి. వోల్టేజీని బట్టి కొంచెం అటూ ఇటూ అయితే ఫరవాలేదు. 70 దాటితే మీటరు పరీక్ష కోరండి. ఆ బల్బు కూడా ఆపాక లైటు మెరుస్తూనే ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, వైరింగులో కరెంటు లీకవుతుండవచ్చు.