అడగండి చెబుతాం: అరువు ఖాతా చదివే డిటెక్టివ్

ప్రశ్న: మేడం, మాది పర్లాకిమిడి. మా ఊళ్లో పుస్తకాల కొట్టు నడిపే ఒకావిడ హంతకుణ్ని పట్టుకునే నవల మొదలుపెట్టాను. అరవై పేజీలయ్యాక కదలడం లేదు, ఆ పేజీలు జత చేస్తున్నాను. తుపాకీ లేదు, ఛేజింగ్ లేదు, ఇదేం డిటెక్టివ్ నవల అక్కా అని మా తమ్ముడు ఒకటే నవ్వు. నిజంగానే గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషికి పోలీసులకి తెలియనిది ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీ తమ్ముణ్ని నవ్వనివ్వండి. మీరు రాస్తున్నదాన్ని కోజీ మిస్టరీ అంటారు. హత్య ఉంటుంది గానీ పేజీలకి పేజీలు నెత్తురు పారదు, ఊరు చిన్నది, అందరికీ అందరూ తెలుసు, దొంగని పట్టేది మనలాంటి మామూలు మనిషి. 1930లో అగాథా క్రిస్టీ మొదటిసారి నవలలోకి తెచ్చిన మిస్ మార్పుల్ చేతిలో ఊలు అల్లిక తప్ప ఆయుధమంటూ ఏమీ లేదు, ఉన్నదల్లా తన పల్లెటూరి మనుషుల మీద ఆవిడకున్న పట్టు.

కొట్టావిడకి ఏం తెలుస్తుందంటారా? ఎవరి పిల్ల ఏ పరీక్షకి కట్టిందో, ఏ పుస్తకాన్ని ఎవరు పేపరు చుట్టి ఇమ్మన్నారో, ఆర్నెల్లుగా కదలని అరువు ఉన్నట్టుండి మొత్తం కట్టేసిందెవరో, అన్నీ ఆవిడకే తెలుసు. పోలీసులు అడిగితే జనం ఆచి తూచి చెబుతారు. చిల్లర కోసం కొట్టు ముందు ఆగినప్పుడు మాత్రం అడక్కుండానే చెప్పేస్తారు. కానీ మీ అరవై పేజీల్లో ఆవిడ అరువు ఖాతా ఒక్కసారి కూడా తెరవలేదమ్మా! కొట్టు మూసేసి వీధి వీధి తిరిగి ప్రశ్నలేస్తోంది. ముందు ఆవిణ్ని తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టండి.

ఇంకో సంగతి, ఇది తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ పక్కపక్కనే ఉండే మీ ఊళ్లాంటి చోటే కుదురుతుంది. ఆవిడ తెలుగు పంచాంగం, ఒడియా పాంజి రెండూ అమ్ముతుందని మీరే రాశారు, రాసి వదిలేశారు. శుక్లపక్షంలో ఆ రెండింటికీ పేచీ లేదు. పున్నమి దాటితేనే తేడా, ఎందుకంటే మనకి నెల అమావాస్యతో అయితే పాంజిలో పున్నమితోనే అయిపోతుంది. కార్తీక పున్నమి మర్నాడు మనకింకా కార్తీక బహుళమే, వాళ్లకి మార్గశిరం వచ్చేసినట్టే. గురువారం లక్ష్మీపూజకి ఒడియా వాళ్ల గుమ్మాల్లో బియ్యప్పిండి ముగ్గులు పడే వేళకి పక్కింటి తెలుగువాళ్లు ఇంకా కార్తీక దీపాలే పెడుతుండడం మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు చనిపోయినాయన డైరీలో 'మార్గశిర కృష్ణ పంచమి, డబ్బు ముట్టింది' అని ఉందనుకోండి. తెలుగులోనే ఉంది కాబట్టి అందరూ మన పంచాంగం తీసి లెక్కేస్తారు. ఆ రోజున నేను రాయగడలో ఉన్నానని అనుమానితుడు ముగ్గురు సాక్షుల్ని చూపిస్తాడు, కేసు అక్కడితో సరి. పాంజి ప్రకారం అదే తిథి ఒక చాంద్రమాసం ముందే వచ్చి వెళ్లిపోయింది. ఆయన ఇంట్లో ఏది చూసి రాసుకుంటాడో కొట్టావిడకి తెలుసు, ఏటా ఆయనకి పాంజి అమ్మింది ఆవిడే కదా. మన పంచాంగం చూసేవాడైతే బహుళ పంచమి అని రాసేవాడేమో, కృష్ణ అని ఎందుకు రాశాడు అని ఆవిడకి మొదట అనుమానం రావడం కూడా బాగుంటుంది.

అయితే ఇదంతా చివర్లో టోపీలోంచి పావురంలా తీయకండి. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలని డిటెక్టివ్ నవలలు రాసిన రొనాల్డ్ నాక్స్ 1929లోనే నియమం పెట్టాడు. మూడో అధ్యాయంలో ఆయన పాంజి కొంటుంటే "తమకెందుకు బాబూ ఇది?" అని ఆవిడ అడగాలి, "మా ఇంటావిడ ఒడియా పిల్ల కదమ్మా" అని ఆయన నవ్వాలి. అంతే, మళ్లీ ఆ ఊసెత్తొద్దు.

డైరీ ఆవిడ కంట్లో ఎలా పడుతుందనేది మీ ఇంకో బెంగ కదా. దొంగతనంగా కిటికీ దూకించారు, ఆ వయసులో అవసరమా? అనుమానాస్పద మరణమైతే పోలీసులు శవ పంచనామా చేయాలి, దానికి ఆ చుట్టుపక్కలుండే ఇద్దరైనా పెద్దమనుషులు ఉండాలి. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. ఆ ఇద్దరిలో ఒకరు మీ కొట్టావిడ. కాగితమంతా ఒడియాలో రాసి సంతకం పెట్టమంటే, అలవాటు కొద్దీ మొదటి నుంచి చివరిదాకా చదివిగానీ పెట్టని మనిషి.

ఒక్క తప్పు దిద్దుకోండి. 2007లో హంతకుడు చిన్న రైలెక్కి నౌపడా పారిపోయాడని రాశారు. ఆ నేరోగేజ్ బండ్లు 2004లోనే ఆగిపోయాయి. బస్సెక్కించండి, లేదా కథని నాలుగేళ్లు వెనక్కి జరపండి. మీ ఊరి పాఠకులు హంతకుణ్ని క్షమిస్తారేమో గానీ రైలు విషయంలో ఊరుకోరు.

ప్రశ్న: సంభాషణల్లో యాస ఎక్కువైందని ఒక పత్రిక నా కథ తిప్పి పంపింది. మా ఊరి తెలుగులో సగం ఒడియా ఉంటుంది మరి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మళ్లీ రాయండి, యాస తీసేయకుండా. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, చేసుకుని మన మనుషుల చేత మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడిస్తాం! అలాగని ప్రతి వాక్యంలో 'ఏటి', 'గుంటడు' కూరితే చదివేవాడికి ఆయాసం. డిటెక్టివ్ కథలో యాసకి పని చెప్పండి. విజయవాడ నుంచి నిన్ననే దిగాను, ఒడియా ముక్క రాదు అన్న మనిషి, వెనక నుంచి ఎవరో పిలిస్తే ఉలిక్కిపడి "ఆగ్యా!" అన్నాడనుకోండి. కొట్టావిడ తలెత్తకుండా చిల్లర లెక్కపెడుతూనే ఉంటుంది.

ప్రశ్న: ఇలాంటి నవలలో హత్య ఉండి తీరాలా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ఏం అక్కర్లేదు. చీటీపాట డబ్బుతో ఒక మనిషి మాయమైతే చాలు. మా వీధిలో అది జరిగినప్పుడు మూడు నెలలు ఎవరికీ అన్నం సయించలేదు.