ప్రశ్న మీది, జవాబు మాది: టీవీలో క్రికెట్ వ్యాఖ్యానం

ఐపీఎల్ తెలుగులో రావడం మొదలైన దగ్గర్నుంచి వ్యాఖ్యాత ఉద్యోగం గురించి అడిగే ఉత్తరాలు పెరిగాయి. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: హర్షా భోగ్లే మన హైదరాబాదీయేనా? క్రికెటర్ కాకుండానే అంత పేరు ఎలా తెచ్చుకున్నారు? నేనూ కాలేజీ టీమ్ దాటి ఆడలేదు. నాకు అవకాశం ఉంటుందా? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: మరాఠీ కుటుంబమే అయినా పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే, 1961లో. తల్లిదండ్రులిద్దరూ అధ్యాపకులు. ఆయన చదువు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, ఆపైన అహ్మదాబాద్ ఐఐఎం. అసలు ఆటే ఆడలేదన్న ప్రచారం మాత్రం సరికాదు. హైదరాబాద్ 'ఏ' డివిజన్ లీగులోనూ, యూనివర్సిటీల మధ్య జరిగే రోహింటన్ బారియా టోర్నీలోనూ ఆడారు. రంజీ మెట్టు ఎక్కలేదంతే.

ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంలో మైకు అందుకునేనాటికి ఆయనకు 19 ఏళ్లు. ఐఐఎం నుంచి వచ్చాక అడ్వర్టైజింగ్‌లో ఉద్యోగం చేశారు. 1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు అక్కడి ఏబీసీ రేడియో ఆయన్ని పిలిచింది. 1995 నుంచి ఈఎస్‌పీఎన్, స్టార్ స్పోర్ట్స్‌ టీవీ చానళ్లలో చేశారు. అంటే మొదటి మైకుకీ, టీవీలో నిలదొక్కుకోడానికీ మధ్య దాదాపు పదిహేనేళ్లు. మాకు రాసేవాళ్లలో చాలామంది ఈ మధ్యకాలాన్ని లెక్కలోకి తీసుకోరు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 2016లో ఐపీఎల్ మొదలవబోతుండగా ఆయన పేరు వ్యాఖ్యాతల జాబితాలోంచి తీసేశారు, కారణం చెప్పలేదు. తరవాత మళ్లీ వచ్చారనుకోండి. అంతటివాడికే ఈ పనిలో భద్రత లేదు.

ఇక మీ అవకాశం. టీవీ వ్యాఖ్యాతల గదిలో సాధారణంగా ఒకరు నడిపిస్తారు, ఇంకొకరు విశ్లేషిస్తారు. బంతి బంతికీ ఏం జరిగిందో, స్కోరెంతో చెప్పడం, విరామానికి పంపడం, మళ్లీ ఎత్తుకోవడం మొదటివారి పని. యార్కర్ ఎందుకు ఫుల్‌టాస్ అయిందో, బ్యాటర్ కాలు ఎక్కడ తప్పు పడిందో చెప్పడం రెండోవారిది. ఆ రెండో కుర్చీ మాజీ ఆటగాళ్లకే. నిజం చెప్పాలంటే మొదటి కుర్చీ కూడా వాళ్లకే పోతోంది ఈమధ్య. ఆడనివాడు ఆ కుర్చీలో నిలవాలంటే ఆస్తి ఒక్కటే, మంచి ప్రశ్న వేయడం. 2019లో కోల్‌కతా గులాబీ బంతి టెస్టులో బంతి సరిగ్గా కనిపిస్తోందో లేదో ఆటగాళ్లనే అడగాలని భోగ్లే అన్నారు. ఆడినవాళ్లం మాకు తెలుసు, నువ్వైతే అడగాలి అన్నట్టుగా తోటి వ్యాఖ్యాత, భారత మాజీ బ్యాటర్ సంజయ్ మంజ్రేకర్ ప్రసారంలోనే జవాబిచ్చారు. ఆడిన అనుభవం కొత్తది నేర్చుకోడానికి అడ్డు కాకూడదని భోగ్లే నెమ్మదిగా బదులిచ్చారు. గొంతు పెంచలేదు, తగ్గనూ లేదు. మీరు నేర్చుకోవలసింది ఆ తీరు.

ప్రశ్న: ఇంట్లో ఎలా సాధన చేయాలి? టీవీ మ్యూట్‌లో పెట్టి మాట్లాడుతున్నాను కానీ, రికార్డు వింటే నాకే విసుగొస్తోంది. (తెనాలి)

జవాబు: విసుగెందుకో ఊహించగలం: ఆపకుండా మాట్లాడుతున్నారు. మ్యాచ్ మొత్తం వద్దు, ఒక్క ఓవర్ తీసుకోండి. ఫాస్ట్ బౌలర్ ఓవర్‌కి నాలుగు నిమిషాల పైనే పడుతుంది, అది చాలు. ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేయండి. బౌలర్ పరుగు అందుకున్నాక కొత్త సంగతి ఎత్తుకోకండి. క్రీజు దగ్గరికి వచ్చేసరికి మాట పూర్తయిపోవాలి. వాక్యం మధ్యలో బంతి పడితే అటు కథా పోతుంది, ఇటు బంతీ పోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

బంతి పడ్డాక, కళ్లకు కనిపించేది చెప్పకండి. 'బ్యాటర్ కవర్స్ వైపు కొట్టాడు, ఫీల్డర్ పరిగెడుతున్నాడు' అనేది రేడియో మాట. అక్కడ అది కావాలి, ఎందుకంటే వినేవాడి ముందు బొమ్మ లేదు. టీవీలో బొమ్మ చెప్పనిది చెప్పాలి. గత ఓవర్లో అక్కడే ఉన్న ఫీల్డర్‌ని కెప్టెన్ ఇప్పుడెందుకు తీసేశాడు? అదే బౌలర్ రెండు బంతులుగా లెంగ్త్ వెనక్కి లాగుతున్నాడా? ఈ మర్మాన్ని అందరికంటే బాగా పట్టినవాడు ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ రిచీ బెనో. ఇంకా ఆడుతుండగానే, 1956 ఇంగ్లండ్ పర్యటన అయిపోయాక, బీబీసీలో టెలివిజన్ శిక్షణ తీసుకున్నాడు. సిడ్నీ పత్రికలో పోలీసు వార్తల రిపోర్టరుగానూ పనిచేశాడు కాబట్టి తక్కువ మాటల్లో చెప్పడం అక్కడే అలవడింది. 1977 నుంచి చానల్ నైన్‌లో దశాబ్దాలపాటు మాట్లాడాడు. బొమ్మకు అదనంగా ఏదైనా చేర్చగలిగితేనే నోరు విప్పాలన్నది ఆయన పద్ధతి.

రికార్డును వెంటనే వినకండి, మర్నాడు వినండి. మొదటిసారి బొమ్మతో కలిపి విని, మీరు ఊరికే ఉన్న క్షణాలు లెక్కపెట్టండి. నాలుగు నిమిషాల్లో నిమిషమన్నా లేకపోతే ఎక్కువ మాట్లాడినట్టే. రెండోసారి బొమ్మ లేకుండా విని 'చూడండి', 'అయితే', 'ఏదైతే ఉందో' లాంటి ఊతపదాలకు గీతలు పెట్టండి. వికెట్ పడ్డ చోట ప్రత్యేకంగా వినండి. ఒక్క వాక్యం, ఆపైన ప్రేక్షకుల హోరును వదిలేయాలి. రీప్లే వచ్చినప్పుడు మళ్లీ అందుకోండి.

మ్యాచ్‌కి ముందు ఏ4 కాగితం అడ్డంగా పెట్టి ఆటగాడికో వరస గీయండి. పేరు పలికే తీరు, ఏ చేతి వాటం, గత అయిదు ఇన్నింగ్స్, ఎదుటి జట్టు మీద రికార్డు, ఒక చిన్న విశేషం. రాసినదాంట్లో ముప్పావు వంతు వాడకుండానే పోతుంది, పోనివ్వండి. అన్నీ వాడేయాలని చూస్తే చదువుతున్నట్టు ఇట్టే తెలిసిపోతుంది. విదేశీ ఆటగాళ్ల పేర్లు మాత్రం వాళ్లే స్వయంగా చెప్పుకునే ఇంటర్వ్యూ వెతికి వినండి.

ప్రశ్న: వ్యాఖ్యాతలు మూతికి ఆనించి పట్టుకునే ఆ మైకు ఏమిటి? చెవిలో ఏం వినిపిస్తుంది? (ఖమ్మం)

జవాబు: దాన్ని లిప్ మైక్ అంటారు. పైన ఉండే చిన్న పట్టీ పై పెదవికి ఆనాలి. నోటికి అంత దగ్గరగా పెట్టుకున్నప్పుడే గొంతు సహజంగా వినిపించేలా, స్టేడియం హోరు తగ్గేలా దాన్ని తయారు చేశారు. ఉత్సాహంలో చేయి కిందికి జారితే గొంతు పలచబడుతుంది, చుట్టూ ఉన్న గోల పైకి వస్తుంది. హెడ్‌సెట్ మైకుతో ఈ బాధ లేదు. దగ్గు వస్తే మైకు తాత్కాలికంగా ఆపే మీట బల్ల మీద ఉంటుంది.

చెవిలో మాట్లాడేది ప్రొడ్యూసర్ లేదా డైరెక్టర్. 'తరవాత ఫలానా రీప్లే', 'గ్రాఫిక్ వస్తోంది', విరామానికి ముందు పది నుంచి ఒకటి దాకా లెక్క. సున్నా కల్లా మీ వాక్యం ముగియాలి, లేకపోతే ప్రకటన మీ మాటను కోసేస్తుంది. ఆ గొంతుకు మీరు 'సరే సార్' అన్నారంటే అది ఊరంతా వింటుంది! సాధనకు ఇయర్‌ఫోన్‌లో వార్తలు పెట్టుకుని, స్నేహితుడితో వేరే విషయం తడబడకుండా మాట్లాడి చూడండి. మొదటి వారం తల తిరుగుతుంది.

బంతి పడేముందు గ్రౌండు వైపు, పడ్డాక మానిటర్ వైపు చూడాలి. ఫీల్డింగ్ మార్పులు గ్రౌండు చూస్తేనే తెలుస్తాయి, ప్రేక్షకుడికి కనిపించేది మానిటరే. ప్రాంతీయ భాషల వ్యాఖ్యానం చాలావరకు స్టూడియోలో తెర చూసే చెబుతారు కాబట్టి ఆ మొదటి సౌకర్యం ఉండదు. ఫీల్డర్ ఎక్కడున్నాడో తెలియనప్పుడు ఊహించి చెప్పకపోవడమే క్షేమం. థర్డ్ అంపైర్ సంభాషణ ప్రసారమయ్యేటప్పుడు మాట్లాడకండి. తీర్పు అంపైర్ కంటే ముందు మీరు ఇచ్చేస్తే, అది తప్పయినప్పుడు దాక్కునే చోటుండదు.

ప్రశ్న: తెలుగు వ్యాఖ్యానంలో అరుపులు, సినిమా డైలాగులు తప్పనిసరా? (రాజమండ్రి)

జవాబు: కాదు. మ్యాచ్‌కి ఒకటో రెండో సందర్భానికి అతికితే సరదాగానే ఉంటుంది. ఓవర్‌కొకటి చొప్పున పడితే బంతి కనిపించదు. స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానల్ 2018లో వచ్చింది, తెలుగు టీవీ వ్యాఖ్యానానికి ఇంకా చిన్న వయసే. వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్ లాంటి మాజీలు ఆట లోతు చెప్పేటప్పుడు వినండి, అరవకుండానే ఆసక్తి నిలుస్తుంది. అరుపు గొంతుకూ చేటే. మెడ నరాలు బిగించి మూడు గంటలు కేకలేస్తే స్వరతంత్రులు వాస్తాయి, అలాగే కొనసాగితే కాయలు కట్టే ప్రమాదముంది. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి అనుకోకండి, అదీ శ్రమే. పూర్తిగా మౌనంగా ఉండండి, మరీ చల్లగానూ వేడిగానూ లేని మామూలు నీళ్లు గుక్కగుక్కగా తాగుతుండండి. రెండు మూడు వారాలకూ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి.

ప్రశ్న: ఎవరికి దరఖాస్తు పెట్టాలి? ఉద్యోగం మానేసి రావచ్చా? (గుంటూరు)

జవాబు: మానేయొద్దు. ఎక్కువమందికి ఇది టోర్నీకి ఇన్ని రోజులని ఒప్పందం మీద దొరికే పని. సీజన్ అయిపోతే పిలుపు వచ్చేదాకా ఖాళీయే. ఆకాశవాణి ఆడిషన్ ప్రకటనలు చూస్తుండండి. ఈలోగా మీ జిల్లా క్రికెట్, కబడ్డీ టోర్నీలను యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చే కుర్రాళ్లుంటారు, వాళ్లకు గొంతు ఇవ్వండి. స్కోరు తప్పుగా రావడం, పేర్లు తెలియకపోవడం, నెట్ పోవడం లాంటి చిక్కులన్నీ అక్కడే ఎదురవుతాయి.

నమూనా రికార్డు మూడు నిమిషాలు మించకూడదు. వినేవాళ్లు మొదటి ఇరవై సెకన్లలోనే తేల్చేస్తారు, కాబట్టి పరిచయ వాక్యాలు తీసేసి మీ మంచి ముక్కతో మొదలుపెట్టండి. ఒక వికెట్, ఒక నీరసమైన ఓవర్ రెండూ ఉండాలి. వికెట్‌కి ఎవరైనా గొంతెత్తుతారు, పరుగులు రాని ఓవర్లో ఏం చెబుతారన్నదే వాళ్లు చూస్తారు. చానళ్ల మ్యాచ్ వీడియో మీద మీ గొంతు పెట్టి బయట పోస్టు చేయకండి, హక్కులవాళ్లు తీయించేస్తారు. స్థానిక మ్యాచ్ వీడియో వాడుకోండి, నిర్వాహకుల అనుమతి రాతలో తీసుకుని.