పాట పాడమంటే మామ్మ వేలం గురించి చెప్పింది

"మా మత్స్యకార పల్లెలో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేద్దామనుకుంటున్నాం, వాళ్లని ఏమేం అడగాలి?" అన్నారు. నన్నడిగితే ఆ ప్రశ్నల కాగితం ఇంట్లో వదిలేసి వెళ్లండి.

మాది ఉప్పాడ పక్కన. కొన్నేళ్ల కిందట ఓ కాలేజీ అమ్మాయి ఇదే పని మీద మా ఇంటికొచ్చింది. మామ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఫోను నిలబెట్టి, "మీ పాటలు చెప్పండి మామ్మగారూ" అంది. మామ్మ కొంగు సర్దుకుని మొదలెట్టింది. "పాటంటే అప్పటిదేనమ్మా! పడవ ఒడ్డుకి తగిలీ తగలకుండానే పాట మొదలైపోయేది." ఆ పిల్ల కళ్లు మెరిశాయి. తీరా చూస్తే మామ్మ చెబుతున్నది ఒడ్డున జరిగే చేపల వేలం గురించి. మా దగ్గర దాన్ని పాట అనే అంటారు మరి. ఏ షావుకారు ఎందాకా పాడి ఆగిపోయేవాడో, ఇద్దరు ముందే కూడబలుక్కుని రేటు పైకి పోకుండా ఎలా తొక్కేసేవారో, అప్పిచ్చినవాడికే సరుకు పోయాల్సొచ్చి ఎంత నష్టపోయేవారో ఇరవై నిమిషాలు చెప్పింది. చివరికి ఆ పిల్ల మొహమాటంగా "అవి కాదండీ, వల లాగేటప్పుడు పాడే పాటలు" అంది. మామ్మ ఠక్కున చల్లబడిపోయింది. "అయ్యి మగోళ్లనడుగమ్మా" అని లేచి వెళ్లిపోయింది.

అసలు సరుకు ఆ వేలం కథే. కానీ జాబితాలో లేదుగా!

ఇంకో మాట. ఎవరొచ్చినా తెడ్డు పట్టిన మగాళ్ల దగ్గరికే పోతారు. సముద్రం కథలు మగాళ్లు ఓ కెరటం పెంచే చెబుతారు, మా తాతతో సహా. తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మింది ఆడవాళ్లు. ఎవరు ఎంత బాకీయో, ఏ ఏడు ఏ చేప పడలేదో వాళ్లకే గుర్తుంటుంది. "ఏ సంవత్సరం?" అని మాత్రం అడగొద్దు. "తొంభై ఆరు తుఫానుకి ముందా, తర్వాతా?" అనండి. 1996 నవంబరు 6న వచ్చిన ఆ తుఫాను కాకినాడ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ మర్చిపోరు.

కుర్చీ కూడా వద్దు. ఓసారి మామ్మతో ఊరికే ఒడ్డు వెంట నడుస్తుంటే ఆగి సముద్రంలోకి చెయ్యి చూపించింది. "అదుగో, ఆ తెల్లగా విరుగుతోంది చూడు, అక్కడ మా నూతి గట్టు. దానికి ఇవతల మీ పెద్దతాత పాక." మా తీరాన్ని సముద్రం కోసుకుంటూనే ఉంది కాబట్టి ఆ వీధులన్నీ ఇప్పుడు నీళ్లలోనే. ఆవిడ వరసపెట్టి పదకొండు ఇళ్లు చెప్పింది. ఇంట్లో కూర్చోబెట్టి ఆ పాత వీధుల గురించి అడిగినప్పుడు "అప్పట్లో బాగుండేది" తప్ప ఇంకో ముక్క రాలేదు. మగాళ్లైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో దొరుకుతారు. ఆ 61 రోజులూ మరపడవలన్నీ ఒడ్డునే. వల బాగుచేసుకుంటున్నవాళ్ల పక్కన కూర్చోండి, చేతులు పనిలో ఉంటే నోరు అదే తెరుచుకుంటుంది.

రాసేటప్పుడు దయచేసి వాళ్ల మాటని పుస్తకాల తెలుగులోకి దిద్దకండి. రికార్డు చేసింది వాళ్లకో కాపీ ఇవ్వండి. ఆ అమ్మాయి పంపుతానంది, ఇప్పటికీ పంపలేదు. మామ్మ పోయి మూడేళ్లయింది.

ఆ రోజు ఒడ్డున నేను కూడా ఫోన్లో రికార్డు చేశాను. నలభై నిమిషాల్లో సగం హోరుగాలే. పదకొండు ఇళ్లలో ఏడే వినబడతాయి. మైకుకి కనీసం జేబురుమాలైనా చుట్టండి.