కార్డులకి అప్లై చేసే ముందు ఇది చదువు నాన్నా

నాన్నా,

మీ అమ్మానాన్నల్ని వచ్చే వేసవిలో క్రెడిట్ కార్డు పాయింట్లతో టికెట్లు తీసి బిజినెస్ క్లాసులో డాలస్ తీసుకొస్తానన్నావు, వినగానే ఎంత సంతోషమేసిందో. బావగారి మోకాళ్ళ నొప్పులకి కాళ్ళు చాపుకుని పడుకుని రావడం కంటే ఏం కావాలి. అది అయ్యే పనే, నేనూ మీ బాబాయీ ఇక్కడ ఏళ్ళ తరబడి అలాగే తిరుగుతున్నాం. కానీ రూమ్మేట్లు చేస్తున్నారని ఈ నెలలోనే ఐదారు కార్డులు తీసేస్తా పిన్నీ అన్నావు చూడు, అది మాత్రం వద్దు.

ముందు నీ స్టూడెంట్ కార్డు మీదున్న ల్యాప్‌టాప్ బాకీ తీర్చెయ్యి. అది సున్నా అయ్యేదాకా కొత్త కార్డు మాటే ఎత్తకు. ఇక్కడ కార్డు వడ్డీ మామూలుగా ఏడాదికి 20 శాతం దాటే ఉంటుంది, ఖర్చు మీద వచ్చే పాయింట్లేమో డాలరుకి ఒకటి రెండు సెంట్ల విలువ చేస్తే గొప్ప, కాబట్టి ఒక్క నాలుగు నెలలు బాకీ మోశావంటే ఆ పాయింట్లన్నీ వడ్డీ కిందే పోతాయి, కొత్త కార్డు తీసుకున్నందుకు ఇచ్చే బోనస్ పాయింట్లలో కూడా కొంత తరుగు పడుతుంది. ఆటోపేలో మినిమమ్ అని కాకుండా స్టేట్‌మెంట్ బ్యాలెన్స్ మొత్తం అని పెట్టుకో. పైగా నువ్వు స్టెమ్ ఓపీటీ మీద, అంటే సైన్సు, ఇంజనీరింగ్ లాంటివి చదివిన స్టూడెంట్లకి చదువయ్యాక ఇచ్చే పని అనుమతి పొడిగింపు మీద ఉన్నవాడివి, మొదటి ఓపీటీతో కలిపి ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 150 రోజులే. అలాంటి టెన్షన్ వచ్చిన రోజున కార్డుల బాకీ కూడా నెత్తి మీద ఉండకూడదు.

ఇక ఏ కార్డు ముందు, ఏది తర్వాత అన్న వరస. గత 24 నెలల్లో, ఏ బ్యాంకువైనా సరే, 5 పర్సనల్ కార్డులు తీసిన వాళ్ళకి చేజ్ బ్యాంకు సాధారణంగా కొత్త కార్డు ఇవ్వదు, దీన్నే ఫైవ్ ట్వంటీఫోర్ అంటారు. ఫ్రెండ్ కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే అతని అకౌంట్ మీదే నువ్వూ వాడుకునేలా నీ పేరు ఎక్కినా అదీ లెక్కలోకే వస్తుంది. అందుకే చేజ్ వాళ్ళవి ముందు తీసుకుని, మిగతావి తర్వాత చూసుకోవాలి. అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) సంగతి వేరు, అక్కడ ఒక్కో కార్డుకి బోనస్ జీవితంలో ఒక్కసారే, కాబట్టి ఆఫర్ బాగా పెంచినప్పుడే తీసుకోవాలి, ఇవాళ కనిపించింది కదా అని కాదు. వాళ్ళ ప్లాటినం కార్డు ముందు తీసుకుంటే తర్వాత గోల్డ్ కార్డు బోనస్ రాకుండా పోయే షరతు కూడా ఉంటుంది, కింద సన్న అక్షరాల్లో రాసింది మొత్తం చదువు. ఒక కార్డుకీ ఇంకో కార్డుకీ మధ్య కనీసం మూడు నాలుగు నెలలు ఆగు.

మూడు నెలల్లో 4,000 డాలర్లు ఖర్చు పెడితే బోనస్ అంటాడు అనుకో. ఆ ఖర్చు నువ్వు ఎలాగూ పెట్టేదే అయ్యుండాలి. ఆరు నెలల కారు ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టే నెల, ఇండియా టికెట్లు కొనే నెల, అలాంటివి చూసుకుని దానికి ముందు కార్డు తెచ్చుకో. అద్దె కార్డు మీద కడితే చాలాచోట్ల 3 శాతం దాకా ఫీజు వేస్తారు, అది బోనస్‌కి కొద్దిగా తక్కువ పడినప్పుడు తప్ప దండగ. గిఫ్ట్ కార్డులు కొని, వాటితో మనీ ఆర్డర్లు తీసి, మళ్ళీ అకౌంట్లో వేసుకునే పద్ధతి మీ రూమ్మేట్ చెప్పాడన్నావు. దాని జోలికి అసలు పోకు. చాలా కార్డుల షరతుల్లో అవి ఖర్చు కింద లెక్కే రావు, బ్యాంకు బోనస్ వెనక్కి లాక్కుని అకౌంట్లు మూసేస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ తిప్పడంలో క్యాష్ కూడా కలిసిందనుకో, 10,000 డాలర్లు దాటిన క్యాష్ లావాదేవీని బ్యాంకు ప్రభుత్వానికి రిపోర్ట్ చేస్తుంది కదా, ఆ రిపోర్ట్ తప్పించుకోవాలని క్యాష్‌ని ముక్కలు చేసి వేయడమే ఇక్కడ ఫెడరల్ నేరం.

బిజినెస్ కార్డుల గురించి గట్టిగా చెప్తున్నా. వాటిలో చాలావరకు పర్సనల్ క్రెడిట్ రిపోర్టులోకి రావు, బోనస్‌లు పెద్దవి, అందుకని అందరూ "ఈబేలో పాత ఫోన్ అమ్మాను, అదే నా వ్యాపారం" అని రాసేస్తుంటారు. సిటిజన్లు, గ్రీన్‌కార్డు వాళ్ళు నిజంగా ఏదైనా చిన్న వ్యాపారం చేస్తుంటే వాళ్ళకది సరే. నీకు మాత్రం ఉద్యోగమిచ్చిన కంపెనీ పని తప్ప సొంత వ్యాపారం నడిపే అనుమతి లేదు. లేని వ్యాపారం ఉందని రాస్తే బ్యాంకుకి అబద్ధం చెప్పినట్టు, అదీ ఫెడరల్ నేరమే. నిజంగానే నడిపితే వీసా నిబంధన దాటినట్టు. ఎటు చూసినా నువ్వే ఇరుక్కుంటావు, అదీ రేపు హెచ్‌వన్, ఎల్లుండి గ్రీన్‌కార్డు అంటూ ప్రతి కాగితం మీదా సంతకం పెట్టాల్సినవాడివి. జీతం కూడా ఉన్నదే రాయి, ఒక్క డాలరు ఎక్కువ రాయకు.

పాయింట్లు వచ్చాక తొందరపడి ఎయిర్‌లైన్‌కి మార్చకు, ఒకసారి మారిస్తే వెనక్కి రావు. ముందు సీటు ఉందో లేదో చూసి, అప్పుడు మార్చు. డాలస్ నుంచి హైదరాబాద్‌కి ఒక్క స్టాప్‌తో దోహా మీదుగా ఖతార్, లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా ఉన్నాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో పాయింట్లు పోను, ఫ్యూయల్ సర్‌ఛార్జీ లాంటి వాటి కింద చేతి డబ్బులు బాగా పడతాయి. లుఫ్తాన్సా టికెట్టే ఎయిర్ కెనడా వాళ్ళ పాయింట్ల పథకం ఏరోప్లాన్ పాయింట్లతో కొంటే ఆ ఫ్యూయల్ సర్‌ఛార్జీ వేయరు, చేజ్ పాయింట్లు ఏరోప్లాన్‌కి మారతాయి కూడా. వేసవిలో ఒకే రోజు రెండు బిజినెస్ సీట్లు దొరకడం కష్టం, ఇప్పటినుంచే వెతుకు. ఒకవేళ ఒక్కటే దొరికితే ఒకళ్ళని ముందు, ఒకళ్ళని వెనక పంపే ఆలోచన చేయకు, మీ అమ్మ ఒక్కతే ఆ ఎయిర్‌పోర్టుల్లో తిరగలేదు. పాయింట్ల టికెట్ అయినా వీల్‌చెయిర్ ఉచితంగానే ఇస్తారు, బుకింగ్‌లోనే అడుగు. నువ్వు ఊరెళ్ళేటప్పుడు మాత్రం నీ అమెరికా వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే లండన్‌లో ట్రాన్సిట్ వీసా అడగొచ్చు, టికెట్ తీసే ముందే చూసుకో.

ఏడాది తిరక్కుండా ఏ కార్డూ మూసేయకు, అలా చేస్తే ఇచ్చిన బోనస్ వెనక్కి తీసుకునే వాళ్ళున్నారు. రెండో ఏడాది ఫీజు పడే ముందు ఫోన్ చేసి ఫీజు లేని కార్డుకి మార్చమను, పాత అకౌంట్ అలా నిలిచి ఉండటం నీ క్రెడిట్ స్కోరుకి మంచిది. మూసేయక తప్పకపోతే పాయింట్లు ముందే వాడేసుకో, లేకపోతే కార్డుతో పాటే పోతాయి. ఇల్లు కొనాలనుకుంటే దానికి ఏడాది ముందు నుంచి కొత్త కార్డులు తీయడం ఆపెయ్యి.

ఈ వారం యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ సైట్‌లో ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల రిపోర్టులూ ఉచితంగా దించుకో. గత రెండేళ్ళలో నీ పేరు మీద ఎన్ని అకౌంట్లు తెరిచారో, ల్యాప్‌టాప్ బాకీ ఇంకా ఎంతుందో రాసి పంపు, శనివారం మాట్లాడుకుని మొదటి కార్డు ఏదో తేల్చుకుందాం.

పిన్ని