పిల్లల చేత చలివేంద్రం పెట్టించండి

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పోయిన గాంధీ జయంతికి మా వీధి పిల్లలు పాత బట్టలు పోగుచేసి, కొండ మీది ఒక సవర గిరిజనుల ఊరికి తీసుకెళ్ళి పంచారు. పెద్దవాళ్ళం కూడా వెళ్ళి ఫోటోలు తీశాం. తిరిగి వస్తుంటే పదేళ్ళ మా అమ్మాయి, "అమ్మా, వాళ్ళు సంతోషించలేదేం?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. వారం తిరగకుండానే పిల్లలు ఆ సంగతి మరిచిపోయారు. వీళ్ళకు ఇచ్చే గుణం అలవడాలంటే ఏం చేయించాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చాలా మంచి ప్రశ్న అడిగింది. ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మనం ఇచ్చినవి మనకు అక్కర్లేని బట్టలు. వాళ్ళకు ఏం కావాలో ముందుగా వెళ్ళి ఎవరూ అడగలేదు. పైగా వాళ్ళ ముంగిట్లో నిలబడి ఫోటోలు తీసుకున్నాం. పదేళ్ళ పిల్లకు ఇది బాగా అర్థమవుతుంది.

ఒక్క పూటలో ముగిసిపోయే సేవ పిల్లల మనసులో నిలవదు. రేపు కూడా ఒకరు తమ కోసం ఎదురుచూస్తారని వాళ్ళకు తెలియాలి. అందుకు మన ఊళ్ళో చలివేంద్రాన్ని మించినది నాకు కనబడదు. ఏప్రిల్ 14 ప్రాంతంలో పణా సంక్రాంతి వస్తుంది. ఒడియా ఇళ్ళలో ఆ రోజు అడుగున చిల్లు పెట్టిన కుండను తులసి కోట మీద వేలాడదీసి, చుక్క చుక్కగా నీరు పడేలా చేస్తారు. మారేడు పండు పానకం పంచుతారు. బాటసారుల కోసం జలఛత్రాలు, అంటే చలివేంద్రాలే, తెరుస్తారు. ఆ రోజే మీ పిల్లలూ మొదలుపెట్టవచ్చు.

సంతకు వచ్చేవాళ్ళు నడిచే దారిలో, చెట్టు నీడ చూసి నాలుగు కుండలు తడి ఇసుకలో కుదురుగా పెట్టించండి. రోజూ పొద్దున్నే కుండలు కడగాలి, కాచి చల్లార్చిన నీళ్ళో వడపోసిన నీళ్ళో నింపాలి, మూత పెట్టాలి. ముంచడానికి పొడవాటి కాడ ఉన్న గరిటె వాడాలి. కుండలో ఎవరి చెయ్యీ మునగకూడదు. ఏడెనిమిది తరగతుల పిల్లలకు ఉప్పు, పంచదార నీళ్ళు కలపడం నేర్పండి: లీటరు మంచినీళ్ళకు తలకొట్టి కొలిచిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కనుక కొలత తప్పకూడదు. ఎండ ముదిరాక పిల్లలను అక్కడ ఉంచవద్దు, ఆ వేళకు పెద్దవాళ్ళు వంతులు వేసుకోండి.

మొదటి వారం అందరూ పోటీపడి వస్తారు. తర్వాత ఒకరికి నిద్ర, ఒకరికి క్రికెట్, ఒకరికి మామయ్య గారి ఊరు. అసలు చదువు అప్పుడే మొదలవుతుంది. పిల్లల వంతు పని మీరు చేసిపెట్టకండి. ఒకనాడు కుండ నిండలేదనుకోండి. నెత్తిన కట్టెల మోపుతో వచ్చిన మనిషి కుండ వంచి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోబోతుంది. మీ అమ్మాయి అది తన కళ్ళతో చూడాలి. పక్క ఇంట్లో అడిగి తెచ్చి ఆ ఒక్క మనిషికీ నీళ్ళిస్తే చాలు, ఆ రోజుకు మిగతాది మీరు నింపండి. మర్నాడు లేపవలసిన పని ఉండదు. ఇన్నేళ్ళ బడి పనిలో పిల్లల గురించి నాకు బాగా తెలిసిన సంగతి ఇది.

అక్కడికి వచ్చే సవర ఆడవాళ్ళతో పిల్లలను మాట్లాడనివ్వండి. పేర్లు అడగనివ్వండి, వాళ్ళ మాటలు నాలుగు నేర్చుకోనివ్వండి. 1880లో మన ఊరి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల కోసం చేసిన మొదటి పని వాళ్ళ భాష నేర్చుకోవడమే. ఆ తర్వాతే ఆ భాషలో పుస్తకాలు రాశారు, బళ్ళు పెట్టారు, పంతుళ్ళకు సొంత డబ్బుతో జీతాలిచ్చారు. మీ పిల్లలకు ఆయన కథ చెప్పండి. ఆయన నడిచిన వీధుల్లోనే వాళ్ళూ తిరుగుతున్నారు. వచ్చే అక్టోబరులో మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాలనిపిస్తే, ఏం తేవాలో ఈ ఆడవాళ్ళనే అడగవచ్చు.

చందాలు పెద్దవాళ్ళ దగ్గర వసూలు చేయవద్దు. కుండల ఖరీదులో కొంతైనా పిల్లల హుండీల నుంచి రావాలి. ఫోటోలు అసలే వద్దు. కుండలు మాత్రం పణా సంక్రాంతికి ముందే కొనండి: కొత్త కుండలో నీళ్ళు పోసి రెండు మూడు రోజులు మార్చి మార్చి పారబోశాకే తాగడానికి పెట్టాలి.